పొయ్యి లెక్క

కర్నూలు జిల్లా పడమటి కొసన మా మేనమామ ఊరు. పింఛన్లు పంచే రోజు, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేలిముద్రల మిషను, భుజాన డబ్బుల సంచితో ఇల్లిల్లూ తిరుగుతోంది. ఎదురింటి అవ్వ వేలు మూడుసార్లు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. కలుపు తీసీ తీసీ గీతలరిగిపోయిన వేళ్లు. కొంగుతో తుడుచుకుని నాలుగోసారి పెడితే పడింది. ఎనిమిది ఐదువందల నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని లోపలికి పోయింది.

అరుగు మీద నుంచి మామ అంతా చూశాడు. ఆయన ముప్పై ఏళ్లుగా పత్తి పెడుతున్న రైతు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఇద్దరం కలిస్తే కాఫీ చల్లారేదాకా వాదించుకోవడం ఆనవాయితీ. ఆ పొద్దుటి మాటలు గుర్తున్నంతలో రాస్తున్నాను. మామ తిట్లు కొన్ని తీసేశాను.

మామ: చూసినావా అల్లుడా? కూర్చున్న కాడికే నాలుగు వేలు. ఇంగ ఆ ఇంట్లోవాళ్లు కూలికి ఎందుకొస్తారు?

నేను: నాలుగు వేలతో ఇల్లు గడుస్తుందా మామా?

మామ: ఉపాధి పనికి పోతే దినానికి ఎంత?

నేను: 2025-26లో 307 రూపాయలు.

మామ: అంటే పదమూడు దినాల కూలి, చెమట పట్టకుండా వచ్చె. బియ్యమంటావా, స్టోర్లో వస్తాయి. పత్తికట్టె పెరికియ్యాలని నేను మూడూర్లు తిరిగినా, నలుగురు మగోళ్లు దొరకలే. ముసలోళ్లకు ఇయ్యొద్దని నేననను. పెద్దల చేతిలో దుడ్డు పడితే వయసోళ్లు చెడిపోతారు, అంతే నేననేది.

నేను: కేంద్రం 1995 ఆగస్టు 15న ఈ పథకం పెట్టినప్పుడు ఇచ్చింది నెలకు 75 రూపాయలు. ఇప్పటికీ ఎనభై ఏళ్లలోపు వాళ్లకు కేంద్రం వాటా 200 దాటలేదు. మిగతాదంతా రాష్ట్రం కలిపేదే. మన దగ్గర 2014లో వెయ్యి అయింది, 2019లో రెండు వేలు దాటింది, 2024 జూలై నుంచి నాలుగు వేలు.

మామ: అదే నేను చెప్పేది. డెబ్బై ఐదు ఇచ్చినప్పుడు ఎవురూ సోమరి కాలే. అప్పుడు అది వక్కాకుకు సరిపోయేది.

నేను: నీ మాటనే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అచ్చు వేశారు, తెలుసా?

మామ: (గ్లాసు కింద పెట్టి) ఎవురు?

నేను: మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్, డగ్లస్ మిల్లర్. 2003లో వచ్చింది వాళ్ల వ్యాసం. వాళ్లు చూసింది దక్షిణాఫ్రికాను. అక్కడ 1928లో వృద్ధాప్య పింఛను పెట్టినప్పుడు ఆఫ్రికన్లకు లేదు. 1944లో వాళ్లకూ ఇచ్చారు గానీ చాలా తక్కువ. వర్ణవివక్ష పాలన కూలిపోయే ముందు, 1993కల్లా, అందరికీ ఒకే మొత్తం చేశారు. నెలకు 370 ర్యాండ్లు. సగటు ఆఫ్రికన్ ఇంట్లో మనిషికి వచ్చే ఆదాయంతో పోలిస్తే చాలా పెద్ద మొత్తం. మధ్యరకం ఇల్లు తీసుకుంటే తలసరికి రెండింతల పైనే. ఆడవాళ్లకు అరవై నిండితే, మగవాళ్లకు అరవై ఐదు నిండితే.

మామ: సరే, ఏం తేలింది?

నేను: ఆ 1993లోనే అక్కడ సుమారు తొమ్మిది వేల కుటుంబాల సర్వే జరిగింది. అందులో ముసలాళ్లు, నడివయసు వాళ్లు, పిల్లలు కలిసి ఉన్న ఇళ్లను వేరు చేసి చూశారు. పింఛను వయసు దాటిన పెద్ద ఉన్న ఇంట్లో, పనిచేసే వయసు మగవాళ్లు పని తగ్గించారు. అందరికన్నా ఎక్కువ తగ్గించింది పెద్దకొడుకు. పింఛను తాతది కాకుండా అవ్వది అయితే ఇంకా ఎక్కువ తగ్గింది.

మామ: (తొడ చరిచి) పెద్దకొడుకు! నేను చదవకుండానే చెప్తిని గదా. అవ్వ దగ్గరైతే అడిగి గుంజుకోవచ్చు. తాత దగ్గర పప్పులుడకవు.

నేను: అవ్వ చేతిలో డబ్బు ఇంటందరికీ పంచుకున్నట్టే అవుతుందని వాళ్లూ అలాంటి అర్థమే చెప్పారు.

మామ: అయితే అయిపాయె. లెయ్, చేనికి పోదాం.

నేను: కూర్చో మామా. అదే పత్రిక, అదే సంచిక, వాళ్ల వ్యాసానికి సరిగ్గా ముందు పేజీల్లో ఇంకో వ్యాసం ఉంది. రాసింది ఎస్తేర్ డఫ్లో, తర్వాత 2019లో నోబెల్ వచ్చినామె. ఆమె కూడా అదే సర్వే తీసుకుంది. కానీ కొడుకుల పని చూడకుండా పిల్లల ఎత్తూ బరువూ చూసింది. అవ్వకు పింఛను వచ్చే ఇళ్లలో ఆడపిల్లలు ఎత్తుకు తగ్గ బరువు పెరిగారు. తాతకు వచ్చే పింఛనుతో ఆ తేడా కనిపించలేదు.

మామ: మగపిల్లోళ్లు?

నేను: వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మామ: వాళ్లకు ముందునుంచీ పెడ్తానే ఉంటారులే. (కాసేపు ఆలోచించి) అంటే ఒకే దుడ్డు కొడుకును చెడగొట్టె, మనవరాలిని బాగుచేసె. రెండూ ఒప్పుకుంటాను నేను. నీకేం నష్టం?

నేను: చాలా ఏళ్లు నేనూ క్లాసులో అలాగే చెప్పాను. రెండూ పక్కపక్కన పెట్టి, మంచీ చెడూ మీరే తూచుకోండని పిల్లలకు వదిలేసేవాణ్ణి. అసలు ఇల్లంటే ఎవరిని లెక్కపెట్టారని అడగాలని చాలా ఆలస్యంగా తట్టింది.

మామ: ఇల్లంటే ఇల్లే. అందులో లెక్కేంది?

నేను: మన జాతీయ శాంపిల్ సర్వేవాళ్లకు ఇల్లంటే, మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి తిండి తినేవాళ్లు.

మామ: ఒప్పే గదా! పొయ్యి వేరైతే కాపురం వేరు. మా నాయనా మా చిన్నాయనా భాగాలు పంచుకున్న దినం గోడకంటే ముందు పొయ్యే పెట్టినారు.

నేను: సరే. ఎదురింటి పొయ్యి మీద ఈ పూట ఎంతమందికి వంట?

మామ: నలుగురికి. అవ్వ, చిన్నకొడుకు, ఇద్దరు మనవరాళ్లు.

నేను: మిగతావాళ్లు?

మామ: పెద్దకొడుకు, కోడలు, పెద్ద మనవడు సుగ్గికి పోయినారు. గుంటూరు దిక్కు, మిరపకాయలు తెంపను. సంక్రాంతికి ముందే బండెక్కినారు, ఉగాదికి గానీ రారు.

నేను: అంటే నీ చేనికి రానివాళ్లు ఇంకొకరి చేనిలో నడుము వంచి ఉన్నారు. సోమరులైతే ఇంటికి తాళాలెందుకు మామా? ఈ వీధిలోనే ఆరు తాళాలు చూశాను నేను.

(మామ ఖాళీ గ్లాసును ఇంకోసారి నోటికెత్తుకున్నాడు.)

మామ: చిన్నోడుండాడు గదా. వానికి పెండ్లి ల్యా, పని ల్యా. చావిడికాడ పేకాట.

నేను: వాణ్ణి నేను దాచిపెట్టను. ఇప్పుడు సర్వే మనిషి వచ్చాడనుకో. ఆ పొయ్యి దగ్గర పనిచేసే వయసువాళ్లు ఎందరు దొరుకుతారు? ఒక్కడు. ఇంట్లో పింఛనుంది, వాడికి పని లేదు. రాసుకుని పోతాడు. మిరపచేలో ఉన్న ముగ్గురూ ఆ కాగితంలోకి రారు. దక్షిణాఫ్రికాలోనూ జరిగింది ఇదే. గనులకీ పట్నాలకీ వలస పోయినవాళ్లు తరతరాలుగా ఉన్న దేశం అది. 2003 లెక్కలో ఇంట్లో ఉంటున్నవాళ్లనే చూశారు. 2006లో డోరిట్ పోసెల్, జేమ్స్ ఫెయిర్‌బర్న్, ఫ్రాన్సీ లండ్ అదే పాత సర్వేను మళ్లీ తెరిచి, పనికోసం బయట ఉన్నవాళ్లను కూడా ఇంటిలో కలిపి లెక్కేశారు. పని మానేశారన్న మాట నిలబడలేదు. పైగా అవ్వకు పింఛను వచ్చే పల్లె ఇళ్లలో ఆడవాళ్లు పనికోసం వలస పోవడం ఎక్కువగా కనిపించింది.

మామ: అవ్వ పిల్లల్ని చూసుకుంటాదని ధైర్యం.

నేను: బండి ఛార్జీకీ, పని దొరికేదాకా తినడానికీ చేతిలో నాలుగు డబ్బులు కూడా. ఇంకోటుంది మామా. పింఛను వచ్చే ఇంటికి పని పోయినవాడు వచ్చి చేరతాడు, పని దొరికినవాడు వెళ్లిపోతాడు. ఏ రోజు తలుపు తట్టినా లోపల మిగిలేది ఖాళీగా ఉన్నవాడే. వాణ్ణి పింఛనే చెడగొట్టిందనుకుంటాం. వాడు ఖాళీ కాబట్టే పింఛను దగ్గరికి వచ్చాడేమో.

మామ: ఏమో అంటే కుదరదు అల్లుడా. నువ్వు చదువు చెప్పేవానివి. రుజువేంది?

ఈ మాట మామ గట్టిగానే అన్నాడు. నా పాఠాలకు ఆ ప్రశ్న వేసిన విద్యార్థులు తక్కువ.

నేను: ఒక రోజు ఫొటో తీస్తే రుజువు దొరకదు. అవే ఇళ్లకు రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ పోవాలి. క్వాజులు-నాటాల్‌లో ఒక పల్లెప్రాంతంలో అలా వేలాది ఇళ్లను, వలస పోయినవాళ్లతో సహా, ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చారు. ఆ లెక్కలతో కాలీ ఆర్డింగ్టన్, ఆన్ కేస్, విక్టోరియా హోస్గుడ్ 2009లో రాశారు. ముందు ఒక్క ఏడాది లెక్కే తీసి చూస్తే, పింఛనున్న ఇళ్లలో పని తక్కువనే వచ్చింది, నువ్వన్నట్టే. అవే ఇళ్లను కాలంలో ముందుకూ వెనక్కూ చూస్తే తిరగబడింది. ఇంటికి పింఛను కొత్తగా వచ్చినప్పుడు పనిచేసే వయసువాళ్లకు ఉద్యోగాలు కొంచెం పెరిగాయి, ముఖ్యంగా వలసపోయి చేసేవి. పింఛను పోయినప్పుడు తగ్గాయి.

మామ: పింఛను పోవడమంటే?

నేను: పెద్దమనిషి చనిపోవడం.

మామ: (చాలాసేపు ఊరుకుని) మన తూర్పువీధిలో పోయినేడు ఒక అవ్వ పోయింది. ఈ ఏడు ఆ ఇంటి కోడలు సుగ్గికి పోలే. మగడొక్కడే పోయినాడు. దాని చెల్లెలి ఇంట్లోనైతే పిల్లోళ్లను కూడా ఎత్తుకుపోయినారు, బడి మాన్పించి.

నేను: నా పరిశోధన నువ్వే చేసిపెట్టావు.

మామ: సంబరపడొద్దు. ఒక ఇంటిని చూసి చెప్పొద్దని నువ్వే అంటావు గదా. ఇంకో మాట విను. సుగ్గి నా చిన్నప్పటినుంచీ ఉండాది. వానల్లేని నేల, నీళ్లున్న చోటికి పోవాల్సిందే. డెబ్బై ఐదు రూపాయలు కూడా ల్యాని కాలంలో మా పెద్దలు పోయినారు. వాళ్లను పింఛను పంపించిందా?

నేను: లేదు. అది ఒప్పుకుంటాను. వలసను పింఛను పుట్టించలేదు. ఎవరు పోతారు, ఎవరు ఉంటారు అన్నది మార్చింది అంటాను.

మామ: అది కూడా పింఛను కాదు, అవ్వ చేతులు. పిల్లోళ్లకు సంగటి గెలికేది నోట్లు కాదు గదా. నాలుగు వేలు రాకున్నా ముసల్ది ఉంటే చాలు, కోడలు పోతాది.

నేను: ఎదురింటి అవ్వకు యాభై తొమ్మిదప్పుడు చేతులు లేవా?

మామ: ఉండె.

నేను: అప్పుడు ఆమె ఎక్కడుంది?

మామ: (నవ్వాపుకుంటూ) సుగ్గిలో. నాలుగేండ్ల కిందటిదాకా ఆమే ఆ బండిలో ముందు కూర్చునేది. మేస్త్రీతో బేరం మాట్లాడేదీ ఆమే.

నేను: మరి? చేతులు పాతవే. పింఛను వచ్చాక ఆ చేతులు మిరపచేలోంచి వంటింట్లోకి వచ్చాయి. వాటి చోట్లోకి కోడలు పోయింది, ఎక్కువ తెంపే చేతులతో. ఆడపిల్లలిద్దరూ బడికి పోతున్నారు.

మామ: అయితే అది పింఛనెట్లయితాది? ఆయమ్మకు పిల్లోళ్లను చూసే ఆయా జీతం అది. పని మానింది ఎక్కడ? పొద్దున నాలుక్కు లేస్తాది, నీళ్లు, గొడ్డు, వంట, జడలు. చేనే నయం, సాయంత్రానికి వదిలేది.

ఈ మాట దగ్గర నేను ఓడిపోయానని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు ఒప్పుకోలేదు. వృద్ధాప్య పింఛన్ల మీద నేను చదివిన వ్యాసాల్లో వయసులో ఉన్నవాడు పని మానేశాడా అన్న ప్రశ్న మీద పుటలకు పుటలు ఉన్నాయి. ముసలామె మానగలిగిందా అన్నది చాలా వాటిలో పక్క వరసలో ఒక సంఖ్య.

నేను: కార్మిక సర్వేలో ఆమెకు ఏ కోడు వేస్తారో తెలుసా? 92 అంటే ఇంటిపని మాత్రమే చేసేవాళ్లు. 94 అంటే అద్దెలమీదా, పింఛన్లమీదా, బయటినుంచి వచ్చే డబ్బుమీదా బతికేవాళ్లు. ఏది వేసినా శ్రామికుల లెక్కలో ఉండదు.

మామ: అద్దెలు తినేవాళ్ల వరసలోనా అవ్వ! మంచి గవర్నమెంటు.

నేను: పగలూ రాత్రీ ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారని అడిగే సర్వే వేరే ఉంది, 2019లోనూ 2024లోనూ చేశారు. అందులో ఆమె పని పడుతుంది. ఈ రెంటినీ కలిపి చదివేవాళ్లే తక్కువ.

మామ: చదివేవాళ్లలో నువ్వొకనివి గదా, చదువు. అది సరే, ఆ దేశం పింఛను తలసరికి రెండింతలంటివి. మనది పదమూడు దినాల కూలి. అక్కడ పనులే లేవు, ఇక్కడ పనికి మనుషులు లేరు. ఆ లెక్క తెచ్చి ఈడ అతికిస్తే అతుక్కుంటాదా?

నేను: సంఖ్య అతుక్కోదు. అక్కడ ఎంత శాతం పెరిగిందో అంతే ఇక్కడా పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఆ ప్రశ్న మాత్రం అతుక్కుంటుంది. ఎదురింటినే తీసుకో. రేషన్ కార్డులో ఎందరున్నారు?

మామ: పెద్దోడు పెండ్లయినంక వేరే కార్డు తీసుకున్యాడు. ఈ కార్డులో అవ్వ, చిన్నోడు. ఇద్దరే.

నేను: కార్డు ప్రకారం ఇద్దరు, పొయ్యి ప్రకారం నలుగురు. ఈ రెంటిలో ఏది పట్టుకున్నా పనిచేసే వయసువాడు ఒక్కడే, వాడు పేకాటలో. ఇక అవ్వనే అడుగుదామా?

అవ్వ వాకిట్లో చాట పట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఎంతమంది అవ్వా అని నేనే కేక వేశాను. ఆమె వేళ్లు ముడుస్తూ ఏడుగురని చెప్పింది. గుంటూరులో ఉన్న ముగ్గురినీ మొదట లెక్కపెట్టింది. ఆ ఏడుగురిలో పనిచేసే ఈడువాళ్లు నలుగురు. ముగ్గురు పనిలో ఉన్నారు.

నాకు 2003 వ్యాసంకన్నా 2009 వ్యాసం మీదే నమ్మకం. రాసినవాళ్ల పేరుప్రతిష్ఠల్ని బట్టి కాదు. ఆ వ్యాసంలో ఇంటి లెక్క అవ్వ లెక్కకు దగ్గరగా ఉంది, ఒకసారి తలుపు తట్టి వదిలేయలేదు. మామకు ఆ మాట చెప్పబోయేలోగా ఆయన రోడ్డు దాటి అవ్వ దగ్గరికి పోయాడు.

మామ: ఏమవ్వా, చిన్నోన్ని పంపిస్తావా? పత్తికట్టె పెరకాల. ఆరు నూర్లు, మధ్యాన్నం బువ్వ.

అవ్వ: ఏడు నూర్లయితే వస్తాడు.

మామ: (నా వైపు తిరిగి) విన్యావా? నాలుగేండ్ల కింద ఇట్ల అడిగేదా ఈ అవ్వ?

నేను: అడిగేది కాదు మామా. ఆ మాట నిజమే. వద్దనే బలం ఆమెకు ఇప్పుడు ఉంది.

మామ: అదే నేను మొదటినుంచీ చెప్పేది.

నేను: మొదట సోమరులన్నావు.

బేరం ఆరు నూట యాభై దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రోజు చిన్నోడు పోలేదు. సాయంత్రం మామతోపాటు నేనూ కొంతసేపు పత్తికట్టె పెరికాను, నాలుగు సాళ్లకే అరచేతులు బొబ్బలెక్కాయి.